సామ్యేలు జాన

జులై 6, ఆదివారం

ఈ రోజు నుంచి రాయాలి. కారణం ఒక్కటే. నాన్న చేతి కొలతా నా టేపు కొలతా కలవడం లేదు. ఈ మాట ఇంట్లో అనలేను, ఆఫీసులో అనలేను. లోపల పెట్టుకుంటే పొద్దుటి నుంచి ఏ పనీ సాగడం లేదు.

మళ్లీ చదువుకున్నప్పుడు నాకే అనుమానం రాకుండా జరిగింది జరిగినట్టు రాస్తాను.

అప్పాజీ గారి కోళ్ల దొడ్డిలో నాన్న ఇరవై ఆరేళ్లుగా పుంజుల్ని పెంచుతున్నాడు. పందేలకి పేరున్న అసీలు జాతి. పుంజుని గోడవారగా నిలబెట్టి, నెత్తి ఎక్కడికొస్తే అక్కడ బొగ్గుతో గీత గీస్తాడు. పుంజుని వదిలేసి, నేల నుంచి గీత దాకా కుడిచేత్తో జానలు వేస్తాడు. మిగిలింది వేళ్లతో, వేలికి ముప్పావు అంగుళం చొప్పున, లెక్కపెట్టి గీతని వెంటనే తుడిచేస్తాడు. గీత ఉంచితే పుంజు ఎదగదని ఆయన నమ్మకం. చుట్టుపక్కల నాలుగూళ్లలో పుంజు చేతులు మారేటప్పుడు "సామ్యేలు జాన పడిందా?" అని అడుగుతారు. నాన్న జాన ఎనిమిదిన్నర అంగుళాలు. నేను పుట్టకముందే ఒక వడ్రంగి కొలిచి చెప్పాడట. అప్పటి నుంచి అది మా ఇంటి ఆస్తి.

ఇవాళ చర్చి నుంచి వచ్చాక దొడ్డికి వెళ్లాను. నాన్న మా ఎర్ర పుంజు డేగని కొలుస్తున్నాడు. ఎర్ర ఈకల మీద ఎండ పడి రాగి బిందెలా ఉంది.

"నాలుగు జానల మీద నాలుగు వేళ్లు!" అని అరిచాడు. "చూశావా అమ్మడూ, ఫిబ్రవరిలో నాలుగు జానలకి రెండు వేళ్లు తక్కువ. ఆర్నెల్లు కాలేదు, ఆరు వేళ్లు సాగాడు."

"మూడో ఏడొచ్చాక పుంజు సాగదు నాన్నా."

"మీ పుస్తకంలో కోడి సాగదేమో. మా కోడికి చదువు లేదు కదా, దానికా సంగతి తెలీదు."

నేను నవ్వి టేపు తీశాను. ముప్పై రెండున్నర అంగుళాలు. ఫిబ్రవరి పదకొండున పశువైద్య సహాయకురాలిగా టీకాలు వేసినప్పుడు ఇదే టేపుతో కొలిచి రిజిస్టరులో రాశాను. అప్పుడూ ముప్పై రెండున్నరే. అప్పుడు నాన్న జానలకీ నా టేపుకీ చుక్క తేడా లేదు.

ఇవాళ ఆయన లెక్క ప్రకారం ముప్పై ఏడు అవ్వాలి.

"నీది గుడ్డ టేపు. ఎండకి సాగుంటుంది," అన్నాడు నాన్న.

అయ్యుంటుంది.


జులై 7

ఆఫీసులో ఇనప టేపుతో గుడ్డ టేపుని సరిచూశాను. సాగలేదు.


జులై 8

టైలరు రత్తమ్మ గారి టేపు అడిగి తెచ్చాను. ముప్పై రెండున్నర. డేగకి నా మీద విసుగొచ్చింది, ముంజేతి మీద పొడిచింది.


జులై 10, గురువారం

ఆగస్టులో కాకినాడలో జాతి కోళ్ల ప్రదర్శన ఉంది. బరిలో దింపడానికి కాదు, చూపించడానికి. అప్పాజీ గారు మూడు పుంజుల్ని పెడుతున్నారు. మా డేగ, జూన్‌లో తెప్పించిన మలయా పుంజు, దానితోపాటే వచ్చిన జపాను షామో. మూడింటి పక్కనా పెట్టే బోర్డులు నన్ను రాయమన్నారు. ఆసియాలో పెద్ద పుంజులు ఏవి, ఏది ఎంత ఎత్తు, ఎంత బరువు. నాకు నచ్చిన పని. నాలుగు రోజులుగా దొరికిన పుస్తకాలన్నీ చదువుతున్నాను.

ఒక పుస్తకంలో మలయా రెండున్నర అడుగులు, ఇంకోదాన్లో మూడు అడుగులు. షామో ఒకచోట నాలుగు కిలోలు, ఒకచోట ఐదున్నర. మన అసీలుకైతే ఒక్కో ప్రాంతంలో ఒక్కో లెక్క. రెండు కిలోల చిన్న రకం నుంచి ఆరు కిలోల మద్రాసు రకం దాకా అన్నిటికీ అదే పేరు. ఎక్కడా ఒక్కరూ ఎలా కొలిచారో రాయలేదు. మెడ చాచినప్పుడా, మామూలుగా నిలబడినప్పుడా? నెత్తి దాకానా, ముక్కు కొస దాకానా? మేత ముందా, తర్వాతా? కొలిచిన మనిషి ఎవరు? అది తెలియకుండా పెద్దదేది, చిన్నదేది అని ఎలా తేలుస్తారు?

సాయంత్రం దొడ్డికి వెళ్తే గేటు మీద ఫ్లెక్సీ. డేగ బొమ్మ, పక్కన మీసం దువ్వుతూ అప్పాజీ గారు. కింద పెద్దక్షరాలతో "ఆసియాలోకెల్లా ఎత్తైన అసీలు పుంజు, 37 అంగుళాలు. కొలత: సామ్యేలు."

నాన్న పేరు అచ్చులో చూడడం నాకిదే మొదటిసారి.

అమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "మన పెళ్లి శుభలేఖలో కూడా నీ పేరు ఇంత లావుగా వెయ్యలేదయ్యా," అంది. నాన్న పొద్దు పోయేదాకా ఆ గేటు దగ్గరే ఏదో ఒక పని పెట్టుకున్నాడు.

టేపుని సంచి అడుక్కి తోసేశాను.


జులై 12, శనివారం

ఇవాళ మూడు పుంజుల్నీ పక్కపక్కన నిలబెట్టారు. అప్పాజీ గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మలయాని చూడగానే నాకు తెలిసిపోయింది. పొడుగు కాళ్లు, పొడుగు మెడ, వీపు ఏటవాలుగా జారిపోయి, ఎవరో పైనుంచి తాడు కట్టి లాగినట్టు ఉంటుంది. మా డేగ దాని పక్కన రెండు మూడు వేళ్లు తక్కువగా కనిపించింది. షామో పొట్టి, కానీ ఛాతీ చెక్క పలకలా ఉంది.

టేపుతో కొలిచాను. మలయా ముప్పై నాలుగున్నర, నాలుగుంపావు కిలో. షామో ముప్పై, ఐదు కిలోల మీద వంద గ్రాములు. డేగ ముప్పై రెండున్నర, నాలుగున్నర కిలో. అంటే మా డేగ ఎత్తులోనూ రెండోది, బరువులోనూ రెండోది. నాకెందుకో అదే బాగా అనిపించింది. దేనికదే ఒకదాని కోసం సాగిపోయింది, మాది మాత్రం ఒళ్లంతా సమంగా ఉంది.

"టేపు సంగతి తర్వాత," అన్నారు అప్పాజీ గారు. "ఏరా సామ్యేలూ, ఆ మలయాకి నీ జాన వెయ్యి. దాని కాగితంలో ముప్పై నాలుగున్నర అని ఉంది."

"ఆయ్, చిత్తమండి."

నాన్న గోడ మీద గీత గీశాడు. జానలు వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ పైన వేళ్లు. ఆరు వేళ్లూ, ఇంకొంచెం.

దాన్ని అంగుళాల్లోకి ఇంకెవరూ లెక్క కట్టలేదు. నాన్న కట్టాడు. ఆయన పెదాలు కదలడం నేను చూశాను. ఎనిమిదిన్నర చొప్పున నాలుగు జానలు ముప్పై నాలుగు. ఆ పైన ఆరు వేళ్లంటే దాదాపు ముప్పై తొమ్మిది. కాగితం అబద్ధమనుకున్నా టేపు ఉంది, టేపు అబద్ధమనుకున్నా కళ్లున్నాయి. మలయా ముప్పై తొమ్మిది కాదు.

మళ్లీ వేశాడు. అంతే వచ్చింది.

"ఏరా, మేత కోళ్లకి పెట్టి నువ్వు మానేశావా? చెయ్యి గానీ చిక్కిపోయిందా?" అని, రెండోసారి జాన వెయ్యడం చూసి, అప్పాజీ గారు పకపకా నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

నవ్వుతూనే తువ్వాలు తీసి కుడిచేతికి చుట్టుకున్నాడు.


జులై 13, ఆదివారం

చర్చిలో ప్రార్థనప్పుడు నాన్న చేతులు జోడించలేదు. కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టుకున్నాడు. ఉక్కకి చెమట తుడుచుకుంటున్నాడులే.


జులై 14, సోమవారం

పుంజులకి కాపడం పెడతారు. పెనం మీద గుడ్డని వేడి చేసి, చేత్తో చూసుకుని, రెక్కల కిందా తొడల మీదా అద్దుతారు. వేడి ఎక్కువైతే కోడి చర్మం కమిలిపోతుంది. అందుకే ముందు తన చేతి మీద పెట్టి చూసుకుంటాడు నాన్న. నేను చిన్నప్పుడు జ్వరమొస్తే నా నుదుటికీ అలాగే పెట్టేవాడు. నా ఒంటికి ఎంత వేడి కావాలో అమ్మకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇవాళ డేగ తొడ మీద కమిలింది. నేను గాయాలకి వాడే పచ్చమందు రాస్తుంటే నాన్న చిటికెన వేలు పక్కన ద్రాక్షపండంత బొబ్బ కనిపించింది.

"ఇదేంటి నాన్నా?"

"డేగ పొడిచాడు."

"పొడిస్తే బొబ్బ వస్తుందా?"

"వాడి ముక్కు మహా వేడి," అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వేశాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఆ బొబ్బకి నేను మందు రాస్తున్నంత సేపూ ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బొబ్బ చిదిమినట్టయింది కూడా. అబ్బా అనలేదు.


జులై 15

యాభై మూడేళ్ల మనిషి. ఇరవై ఆరేళ్ల నుంచి అదే పని. వేళ్లు బిగుసుకుపోవా? బిగుసుకుపోతాయి. వయసు.


జులై 16, బుధవారం

వయసు కాదు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినప్పుడు అమ్మ చేపల కోసం రేవుకి వెళ్లి ఉంది. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చుని, "నాన్నా, నా చేతిమీద నీ చెయ్యి పెట్టు, ఎవరి జాన పెద్దదో చూద్దాం," అన్నాను. చిన్నప్పుడు రోజూ ఆడేవాళ్లం. నేను ఎంత ఎదిగానో ఆయన జానతోనే తెలిసేది.

పెట్టాడు. బొటనవేలు బొటనవేలికి ఆనింది. చిటికెన వేలు దగ్గరికొచ్చేసరికి నాదే పొడుగు. ఆయన చిటికెన వేలూ ఉంగరం వేలూ లోపలికి వంగి ఉన్నాయి, కోడి కొమ్మని పట్టుకున్నప్పటి గోళ్లలాగా. చాచు అన్నాను. చాచానే అన్నాడు.

కుడి మోచేయి కింద పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది. అంతకుముందు ఎండ మచ్చ అనుకున్నాను.

"కళ్లు మూసుకో. ఈక ఎక్కడ పెట్టానో చెప్పాలి."

"ఇదేం ఆటే?" అన్నాడు గానీ మూసుకున్నాడు.

డేగ ఈక ఒకటి నా సంచిలో ఉంది. ఎడమచేతి మీద పెట్టాను. "ఇక్కడ," అన్నాడు. మెడ మీద పెట్టాను. "ఇక్కడ, చక్కిలిగిలి, తియ్యి." కుడి భుజం మీద పెట్టాను. చెప్పాడు. మచ్చ మీద పెట్టాను.

కూర్చున్నాం.

"పెట్టవేంటమ్మా?" అన్నాడు.

ఈక ఆయన చేతి మీదే ఉంది. మచ్చ నుంచి చిటికెన వేలి దాకా పైకీ కిందకీ రాస్తూనే ఉన్నాను.

"ఇంకా పెట్టలేదు నాన్నా," అన్నాను. "కళ్లు తెరవకు."

ఈక తీసి సంచిలో పెట్టేసుకుని, ఆ తర్వాత చెంప మీద వేలితో మీటాను. "ఇక్కడ," అన్నాడు నవ్వుతూ.

డిప్లొమాలో నాకు పశువుల జబ్బులే చెప్పారు. కానీ ఈ జబ్బు ఏమిటో తెలియడానికి డిప్లొమా అక్కర్లేదు. మా బడి గోడ మీద ఏళ్ల తరబడి రాసి ఉండేది: స్పర్శ లేని మచ్చ. ఆ పక్కనే నీడలో కూర్చుని నేను ఎక్కాలు వల్లెవేసేదాన్ని.


జులై 17

రాయను.


జులై 18, శుక్రవారం

మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నర్సు రాణి గారి దగ్గరికి వెళ్లాను. మా ఆఫీసు పక్క గదే. మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్లాను.

"పక్కూరి రైతు ఒకాయన అడిగారండి," అని మొదలుపెట్టాను. మచ్చ, ఈక, వంగిన రెండు వేళ్లు, బొబ్బ, అన్నీ చెప్పాను. ఆవిడ రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టేశారు.

"కుష్టు అయ్యుండొచ్చమ్మా. చూడకుండా ఖాయంగా చెప్పకూడదు. కానీ చూడాల్సిందే, అదీ తొందరగా." ఆవిడ ఆ మాటని జలుబు అన్నంత మామూలుగా అన్నారు. "మాత్రలు ఏడాది వాడాలి, ఊరికే ఇస్తారు. వాడడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకళ్లకి అంటడం ఆగిపోతుంది. తగ్గిపోతుంది. కాకపోతే ఆ వేళ్లు."

"వేళ్లు?"

"నరం వాచి వేళ్లు వంగుతాయి. వంగి ఆర్నెల్లు దాటకపోతే వాపు మాత్రలు వేస్తే తిరిగొచ్చే వీలుంది. దాటితే అలాగే ఉండిపోతాయి, జబ్బు తగ్గినా సరే. ఎప్పట్నుంచి వంగాయో చెప్పాడా ఆయన?"

"తెలీదండి."

"కనుక్కో." ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేశారు. "ఆ రైతుకి కూతురుందా?"

తలూపాను.

"చదువుకుందా?"

తలూపాను. రాణి గారు నా ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టి, నేను తాగేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. "కాకినాడలో చర్మం డాక్టరు గారు సోమవారాలు చూస్తారు. నేను పేరు రాయిస్తాను. ఏ పేరు రాయించమంటావో అప్పుడు చెబుదువుగాని," అన్నారు.


జులై 19, శనివారం

ఎప్పట్నుంచి వంగాయి?

పొద్దున్న బోర్డుల కోసం రిజిస్టరు తెరిస్తే ఆ జవాబు అక్కడే ఉంది. ఫిబ్రవరి 11. డేగ. టేపు, ముప్పై రెండున్నర. పక్కన సరదాకి నేనే రాసిన మాట: "నాన్న లెక్క: నాలుగు జానలకి రెండు వేళ్లు తక్కువ." రెండు వేళ్లంటే అంగుళంన్నర. ముప్పై నాలుగులో అంగుళంన్నర తీస్తే ముప్పై రెండున్నర. సరిగ్గా సరి. అంటే ఫిబ్రవరి 11న నాన్న జాన ఎనిమిదిన్నర అంగుళాలూ ఉంది. వేళ్లు నిటారుగా ఉన్నాయి.

జులై 6. అదే పుంజు, అదే ముప్పై రెండున్నర. నాన్న లెక్క నాలుగు జానల మీద నాలుగు వేళ్లు. నాలుగు వేళ్లు మూడు అంగుళాలు. మిగిలిన ఇరవై తొమ్మిదిన్నరని నాలుగుతో భాగించాను. ఏడు అంగుళాల మీద చిల్లర.

అంగుళానికి పైగా పోయింది. డేగ సాగలేదు. నాన్న చెయ్యి ముడుచుకుంది.

ఇన్నాళ్లూ పుంజుల కొలతలు పోల్చుతున్నానని అనుకున్నాను!

కానీ ఫిబ్రవరిలో బాగుంది. ఆగస్టు పదకొండుకి గానీ ఆర్నెల్లు నిండవు. ఇంకా ఉంది. ఇంకా ఉంది.


జులై 21, సోమవారం

బోర్డులు రాసి అప్పాజీ గారికి ఇచ్చాను. మూడూ టేపు కొలతలే. ఆయన చదివి, గేటు మీద ఫ్లెక్సీ కేసి చూశారు.

"ఏమ్మా సువార్తా, అక్కడ ముప్పై ఏడు, ఇక్కడ ముప్పై రెండున్నర. ఏది నమ్మాలి? మీ నాన్న నన్ను ఊళ్లో వెర్రివాణ్ణి చేశాడా?"

నాన్న పది అడుగుల దూరంలో గంప కింద మేత పోస్తున్నాడు. అటు తిరిగి ఉన్నాడు. అప్పాజీ గారికి ఒక్కసారి ఆ చెయ్యి మీద అనుమానం వస్తే రేపటి నుంచి నాన్నకి దొడ్డి గేటు తియ్యరు.

"నాన్న జానలు సరిగ్గానే చెప్పాడండి. అంగుళాల్లోకి మార్చింది నేను. నేనే తప్పు మార్చాను," అన్నాను.

"నువ్వా?"

"ఆయ్. నేనేనండి."

"గవర్నమెంటు వాళ్లు ఏరికోరి ఉద్యోగం ఇచ్చారు, అంగుళాలు రాని అమ్మాయికి!" అన్నారు గట్టిగా. నలుగురూ విన్నారు. "నీ బోర్డులొద్దమ్మా. కాలేజీ నుంచి ఇంకెవర్నైనా పిలిపిస్తాను."

తీసుకొచ్చేశాను. అందులో మలయా కాళ్ల గురించి నేను రాసిన వాక్యం చాలా బాగుంది. అది ఎవరూ చదవరు. ఫరవాలేదు.


జులై 22, మంగళవారం

కాలవగట్టు మీద సైకిలు ఆపించాడు నాన్న. నేను ఆఫీసుకి వెళ్తున్నాను.

"నిన్న ఎందుకలా అన్నావు?"

"ఏదో అన్నాను."

"మా ఇళ్లల్లో పదో క్లాసు గుమ్మం తొక్కింది నువ్వొక్కదానివి. నీ పేరు పక్కన తప్పు అన్న మాట పడకూడదని నేను పుంజులకి గింజ గింజా ఏరి మేత పోశాను. నాకోసం నువ్వు తప్పు మోస్తావా?"

"నీ చెయ్యి చూశాను నాన్నా."

కాలవలో బాతులు పోతుంటే చూశాడు.

"నాకూ తెలుసు," అన్నాడు. "మలయాకి జాన వేసిన రోజే తెలిసింది. అంతకుముందు తెలిసినా తెలియనట్టు ఉన్నాను. మా మేనమామకీ ఇలాగే వేళ్లు వంగాయి. కాలవ లాకుల అవతల చేలో పాక వేసి అందులో ఉంచారు. నేను ఏడేళ్లవాణ్ణి, అన్నం గిన్నె గట్టు మీద పెట్టి పరిగెత్తుకొచ్చేవాణ్ణి. వెనక్కి తిరిగి చూడొద్దని చెప్పేవారు. ఒక రోజు చూశాను. ఆయన గిన్నె దగ్గరికి రాలేదు, నా వెనకాలే నడుస్తున్నాడు. నాతో మాట్లాడదామని."

"ఇప్పుడు మందుంది."

"మందుంటే మనుషులు మారతారా? నేను ఆసుపత్రి మెట్టెక్కితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. దొడ్డి పోతుంది. నీకు సంబంధాలు రావు. మీ అమ్మ ఎవరింటికీ వెళ్లలేకపోతుంది."

"నా సంబంధం సంగతి ఎవరడిగారు ఇప్పుడు?"

"నేను అడిగాను. నేను తండ్రిని." గొంతు పెంచాడు. వెంటనే తగ్గించాడు. "అమ్మడూ, నా నుంచి నీకు అంటలేదు కదా? ఒళ్లంతా చూసుకున్నావా?"

చూసుకున్నాను, ఏమీ లేదు అన్నాను. ఆయన మొహంలో బరువు దిగడం చూశాను. అది ఆయన గురించి కాదు.

సాయంత్రం ఇంటికి రాలేదు. ప్రదర్శన దాకా అప్పాజీ గారి కొబ్బరితోట మకాంలోనే పుంజులతో ఉంటానని కబురు పంపాడు. ఫోను ఎత్తడం లేదు.

"ఆ కోళ్లని కట్టుకున్నాడు మీ నాన్న, నన్ను కాదు," అంది అమ్మ పులుసు కలుపుతూ. నేను నవ్వలేకపోయాను. అమ్మ నా మొహం చూసి గరిటె పక్కన పెట్టి నాకు కంచం వేసింది.


జులై 24

అమ్మ మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్తోంది. "నీళ్ల తొట్టి దగ్గర పెట్టమంటున్నాడే. ఎదురు రాడు, దూరం నుంచే వెళ్లమంటాడు. ఏం రోగం ఈ మనిషికి?" అంది.

గట్టు మీద గిన్నె పెట్టి పరిగెత్తమంటున్నాడన్న మాట. ఇప్పుడు ఆయనే ఆ పాకలో ఉన్నాడు, ఎవరూ ఉంచకుండానే.


జులై 27, ఆదివారం

సైకిలు మీద మకాందాకా వెళ్లాను. నన్ను చూసి కొబ్బరి దింపు కార్మికుల మధ్యకి వెళ్లి నిలబడ్డాడు. అంతమంది ముందు నేనేమీ అనలేనని ఆయనకి తెలుసు. "ఎండలో ఎందుకొచ్చావమ్మా, ఇంటికెళ్లు," అన్నాడు అందరూ వినేట్టు. ఒక బొండం కొట్టించి ఇచ్చాడు. తన చేత్తో కాదు, వేరేవాళ్ల చేత్తో ఇప్పించాడు.

తాగి వచ్చేశాను. తియ్యగా ఉంది.


జులై 29, మంగళవారం

ఫోను ఎత్తడు. మాట రికార్డు చేసి పంపితే మకాంలో అందరి మధ్యా వింటాడు. ఎవరి చేతా చెప్పించలేను. మిగిలింది రాయడమే.

నాన్నకి అచ్చు అక్షరాలు వచ్చు. చర్చిలో పెద్దలకి పెట్టిన తరగతిలో నేర్చుకున్నాడు. బైబిలు వాక్యం వేలు పెట్టి కూడబలుక్కుంటాడు. చేతిరాత చదవలేడు. అందుకని ఈ ఉత్తరాన్ని అచ్చులా, అక్షరం అక్షరం విడివిడిగా, పెద్దగా రాస్తాను. ముందు ఇక్కడ రాసుకుని, తర్వాత వేరే కాగితం మీదకి ఎత్తి, రేపు క్యారేజీలో అన్నం గిన్నె కింద పెడతాను. అమ్మకి చదవడం రాదు. చదవగలిగినా తెరవదు, అది అమ్మ.

నాన్నా,

ఇది నీకు తప్ప ఎవరికీ కాదు. అమ్మకి నేను చెప్పలేదు. అమ్మకి నువ్వే చెప్పాలి. నువ్వు దూరం నుంచి వెళ్లమంటే ఆమె మొహం ఎలా ఉంటుందో నువ్వు చూడడం లేదు.

మీ మామయ్య రోజుల్లో ఇంత మంచి మందు లేదు. ఇప్పుడు ఉంది. మాత్రలు. ఏడాది వేసుకుంటే పోతుంది. మొదలుపెట్టిన కొద్ది రోజులకే నీ నుంచి ఎవరికీ అంటదు. పుంజులకి ఎప్పటికీ అంటదు. రాణి గారు చెప్పారు. అమ్మనీ నన్నూ కూడా ఒకసారి చూస్తామన్నారు. మేము చూపించుకుంటాం, నీతోపాటే.

నీ వేళ్లు ఫిబ్రవరిలో చక్కగా ఉన్నాయి. నా రిజిస్టరులో ఉంది. నీ జానే సాక్ష్యం. వంగి ఆర్నెల్లు కాలేదు కాబట్టి మళ్లీ తెరుచుకోవచ్చు. తెరుచుకుంటాయని నేను మాట ఇవ్వలేను. ఆలస్యం చేస్తే తెరుచుకోవని మాత్రం తెలుసు.

ఊరికి తెలుస్తుందని భయపడుతున్నావు. తెలియకుండా నేనూ రాణి గారూ చూసుకుంటాం. ఒకవేళ తెలిస్తే, నాకు ఉద్యోగం ఉంది. దొడ్డి పోతే మన ఇంటి వెనక నాలుగు గంపలకి చోటుంది. నాకు సంబంధం రాకపోతే రాకపోనీ. ఏ ఇంటికైనా నేను వెళ్లేది నీ కూతురిగానే వెళ్తాను. అలా కాని ఇల్లు నాకొద్దు.

నేను అబద్ధం చెప్పినందుకు నీకు కోపం. నిజమే, తప్పు. ఇంకెప్పుడూ చెప్పను. ఈక ఆటలో కూడా ఒక అబద్ధం చెప్పాను. అప్పుడు ఈక నీ చేతి మీదే ఉంది.

చర్మం డాక్టరు గారు సోమవారం, ఆగస్టు నాలుగున చూస్తారు. కాకినాడ బస్సు ఏడింటికి. నేను సెలవు పెట్టాను. నువ్వు రాకపోయినా ఆ రోజు సెలవే. బస్టాండులో నిలబడి ఉంటాను.

కానీ అక్కడ నిలబడి ఎదురుచూడడం నాకు కష్టం నాన్నా. రాణి గారు పేరు రాయించాలి కూడా. అందుకే ముందే చెప్పు. వస్తావో రావో ఈ కాగితం వెనక రాసి, ఖాళీ క్యారేజీలో పెట్టి, ఆగస్టు రెండు, శనివారం లోపు పంపు. రెండు అక్షరాలు చాలు. ఏ చేత్తో రాసినా నేను చదువుకుంటాను.